అచ్చిరాని పచ్చడి

మా అత్తగారింట్లో పండుమిరపకాయ పచ్చడి పెట్టరు. కాపురానికి వచ్చిన మొదటి చలికాలంలోనే ఈ సంగతి తెలిసి ముక్కున వేలేసుకున్నాను. అత్తగారిది సత్తెనపల్లి దగ్గర ఊరు. పుష్యమాసం వచ్చిందంటే కళ్ళంలో మిరపకాయలు, వసారాలో మిరపకాయలు, ఇంటికొచ్చిన చుట్టం తుమ్మకుండా గడప దాటలేడు. మా ఆయన లారీకెత్తి గుంటూరు యార్డుకు తోలేది కూడా అవే. అలాంటి ఇంటికి పచ్చడి మాత్రం ఎదురింటి నుంచి వచ్చేది. కాయలు మావే, ఉప్పు మాదే, చింతపండు మాదే, జాడీ కూడా మాదే. రోట్లో వేసి తొక్కే చేయి మాత్రం ఎదురింటి ఆవిడది.

"మనకేం చేతుల్లేవా అత్తయ్యా?" అని అడిగేశాను. నా నోరు పుట్టుకతోనే అంత. బడిలో సాంఘికశాస్త్రం చెప్పే పంతులమ్మనయ్యాక ఇంకా పదునెక్కింది. ఆవిడ తలెత్తలేదు. చేటలో బియ్యం చెరుగుతూనే, "మనకు ఆనవాయితీ లేదమ్మాయ్" అంది.

మా వైపు ఇది చాలా ఇళ్ళల్లో ఉన్నదే. ఏదో ఒకటి పెట్టిన వారంలోనో వండిన రోజునో ఇంట్లో మనిషి పోతే, అది ఆ ఇంటికి అచ్చిరాలేదని వదిలేస్తారు. కొందరికి గుమ్మడి వడియాలు లేవు, కొందరికి మాగాయ లేదు. తినాలనిపిస్తే సరుకులిచ్చి ఇరుగుపొరుగు చేత పెట్టించుకుంటారు. రెండు మూడు తరాలు గడిచాక ఎందుకు వదిలేశారో ఎవరికీ గుర్తుండదు. మా ఇంట్లో మాత్రం గుర్తున్న మనిషి బతికే ఉంది.

అసలు సంగతి నాకు ఎదురింటి ఆవిడ చెప్పింది. మా ఆయన కంటే ముందు మా అత్తయ్యకు ఇంకో కొడుకు. వాడికి నాలుగేళ్ళప్పుడు ఆవిడ అత్తగారు మంచాన పడితే, ఆ ఏడు పచ్చడి పెట్టే పని మొదటిసారి ఆవిడ చేతికొచ్చింది. ఇరవై నిండీ నిండని పిల్ల. మురిసిపోతూ కాయలు ఏరింది, తుడిచింది, తొడిమలు తీసింది, ఉప్పూ పసుపూ వేసి తొక్కి, మధ్యలో చింతపండు పెట్టి జాడీకెత్తింది. మూడోనాడు తీసి మళ్ళీ రుబ్బి, వేడన్నంలో నెయ్యేసి కలిపి పిల్లవాడికి పెట్టింది. కారం కారం అంటూ వాడు ఇల్లంతా గంతులేశాడట. ఆ సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. ఆ జ్వరం దిగలేదు. వారం తిరక్కుండా పోయాడు. మెదడుకు తగిలిన జ్వరమని సత్తెనపల్లి డాక్టరు చెప్పినా ఇంట్లో పెద్దవాళ్ళు వినిపించుకోలేదు. జాడీని ఊరి బయటికి తీసుకెళ్ళి పగలగొట్టారు. ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదట. అననక్కర్లేదు కూడా.

పోయిన ఆనవాయితీ తిరిగి రావడానికి ఒక దారి ఉంది. మనిషి పోయిన తిథినాడే ఆ ఇంట్లో బిడ్డ పుట్టాలి. బిడ్డ కాకపోతే చావిట్లో దూడ పుట్టినా చాలు. ప్రతి ఏడూ ఆ తిథినాడు మా అత్తయ్య తెల్లారగానే గొడ్లచావిట్లోకి వెళ్ళి చాలాసేపు ఉండేది. పేడ ఎత్తడానికేమో అనుకునేదాన్ని నేను. ఒక ఏడు మా గేదె ఆ తిథికి మర్నాడు ఈనింది. ఇంట్లో అందరం జున్ను కోసం కాచుకుని కూర్చుంటే ఆవిడ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం కూడా తినలేదు. అప్పుడు తెలిసింది నాకు ఆవిడ చావిట్లో దేనికోసం చూస్తుందో. తర్వాత పత్తి దెబ్బమీద దెబ్బ తీసిన ఏళ్ళలో గొడ్లన్నిటినీ అమ్మేశాం. కొన్నాళ్ళకు ఎదురింటి ఆవిడ కూడా పోయింది. ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తవాళ్ళు పచ్చళ్ళు కొట్లో కొనుక్కునేవాళ్ళు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సత్రాన్ని మ్యూజియం చేస్తారన్న కబురు ఊళ్ళోకి వచ్చింది.

సత్రం ఊరి మొగదల ఉంటుంది. నాపరాళ్ళ గోడలు, గచ్చునేల, టేకు స్తంభాలు. కోటప్పకొండ తిరునాళ్ళకు పోయే బళ్ళవాళ్ళు అక్కడ ఆగి, తిని, కాసేపు నడుం వాల్చి పోయేవాళ్ళట. నేను వచ్చేనాటికే పొయ్యి ఆరిపోయింది. ఒక ఏడు ఎరువుల బస్తాలు, ఒక ఏడు పత్తి బోరేలు, ఎన్నికలప్పుడు పెట్టెలు, సత్రంలో ఉండేవి అవే. వంటశాల కప్పు మాత్రం మసిబారి నిగనిగలాడుతూ ఉండేది. లోపల నిలబడితే పాత పొగ వాసన, ఎప్పటిదో పప్పు మాడిన వాసన తగిలేది. ఆ గదంటే నాకు ఇష్టం.

ధర్మకర్తలు, ఊరి పెద్దలు, గుంటూరు నుంచి ఇద్దరు చదువుకున్నవాళ్ళు కలిసి కమిటీ అయ్యారు. మన తిండి తరతరాలుగా ఎలా ఉండేదో రేపటి పిల్లలకు చూపించాలన్నారు. మాట మంచిదే. దస్తూరీ బాగుంటుందని నన్ను బోర్డులు రాసే పనికి పట్టుకున్నారు. మిక్సీలు వచ్చాక కాళ్ళకు అడ్డం పడుతున్న రుబ్బురోళ్ళను వదిలించుకోవడానికి జనానికి మంచి అదను దొరికింది. రోళ్ళు, తిరగళ్ళు, కవ్వాలు, ఇత్తడి గుండిగలు రోజుకొకటి రిక్షాలెక్కి వచ్చేవి.

హైదరాబాదు నుంచి ఒక డిజైనర్ వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. వస్తూనే వంటశాల మసి గీకించి సున్నం కొట్టించాడు. తీరా చూస్తే అది వంటశాలలా లేదని అతనికే అనిపించింది. నల్లరంగు తెప్పించి పొయ్యి పైన గోడకు మసిలాగా వేయించాడు. నేను గుమ్మంలో నిలబడి, "బాబూ, మొదటి మసి ఏం పాపం చేసింది?" అన్నాను.

"అది అన్‌హైజీనిక్ మేడమ్" అన్నాడు.

ఒళ్ళు మండింది. చేతిలో ఉన్నది బోర్డులు రాసే కుంచె మాత్రమే కాబట్టి ఊరుకున్నాను.

అయినా ఆ కమిటీలో ఎవరికో ఒక మంచి ఆలోచన తట్టింది. సత్రం పెరట్లో వంద మందికి పచ్చడి నూరగలిగే పెద్ద రాతిరోలు ఉంది. ఊరి ఆడవాళ్ళ చేత అందులో పండుమిరపకాయ పచ్చడి పెట్టించి, ఉగాదికి మ్యూజియం తెరిచిన రోజున ఆ గచ్చునేల మీదే బంతులు వేసి, వచ్చినవాళ్ళందరికీ వేడన్నంలో ఆ పచ్చడి వడ్డించాలన్నారు. నేనూ చప్పట్లు కొట్టి వచ్చి ఆ కబురు ఇంట్లో చెప్పాను.

మా అత్తయ్య చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత, "సత్రం ఎవరిదమ్మాయ్?" అంది.

"ధర్మకర్తలది."

"అది కాదు. ఎవరి గడప?"

"ఎవరి గడపా కాదత్తయ్యా. సత్రానికి గడప ఏమిటి?"

ఆవిడ ఆ మాట పట్టుకుంది. తద్దినం పెట్టించే పంతులుగారు అటుగా పోతుంటే పిలిచి మరీ అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "ఆనవాయితీ ఇంటికమ్మా. సత్రానికి గోత్రమేముంది? అక్కడ పెడితే దోషం లేదు" అన్నాడు. దానికి శాస్త్రం ఏమన్నా ఉందో, ముసలావిడ ముఖం చూసి ఆ క్షణాన కల్పించాడో నాకు తెలియదు. కల్పించి ఉంటే మాత్రం ఆయనకు దణ్ణం పెట్టాలి.

మా ఆయన ఒప్పుకోలేదు. నోట్లో నాలుక లేని మనిషి, తల్లితో గొంతు పెంచి మాట్లాడటం నేను అప్పుడే చూశాను. "ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకమ్మా ఇది? ఎవరడిగారు నిన్ను?" అన్నాడు.

"ఎవరూ అడగలేదురా" అంది ఆవిడ. "నా చేత్తో పెట్టింది ఎవరో ఒకరు తిని, మర్నాడు లేచి తిరుగుతుంటే చూడాలని ఉంది. అంతే. మీరెవరూ తినొద్దు. నువ్వూ, అమ్మాయీ, మీ పిల్లా ఆ బంతిలో కూర్చోవద్దు. బయటివాళ్ళు తింటారు. వాళ్ళకు మన దోషం తగలదు."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని చేలోకి వెళ్ళిపోయాడు. ఇక ఆ మాట ఎత్తలేదు.

పచ్చడి పెట్టిన రోజు మా అత్తయ్యను చూసి తీరాల్సింది. తలంటి పోసుకుని, కొంగు నడుముకు బిగించి, అందరికంటే ముందే సత్రానికి చేరింది. మా చేలో కాయలే తీసుకెళ్ళాం. ఆవిడ ఒక్కో కాయనూ తుడిచి, మెత్తబడినదాన్ని అవతల పారేసి, మిగతావాళ్ళ గంపల్లో కూడా చేయి పెట్టి ఏరిపారేసింది. "ఏం పిన్నీ, ఇంత చేయి ఉండి ఇన్నాళ్ళూ దాచుకున్నావా?" అని ఎవరో మేలమాడితే నవ్వింది. ఇద్దరేసి చొప్పున రోకళ్ళు పట్టి దంచుతుంటే ఆ ఘాటుకు పెరడంతా దగ్గులే. ఆవిడ రోకలి ఎవరికీ ఇవ్వలేదు. మూడోనాడు మళ్ళీ వెళ్ళి రుబ్బింది. ఉప్పు సరిపోయిందో లేదో పక్కావిణ్ణి నాలుక మీద వేసుకుని చూడమని, ఆవిడ చూడబోతే చటుక్కున చేయి పట్టుకుని ఆపేసింది. "వద్దులే. సరిపోయే ఉంటుంది" అంది. తన జాడీకి తనే వాసెన కట్టింది. తెల్లగుడ్డ మడతలు సర్ది, తాడు చుట్టి, ముడివేసి, ఆ ముడి మీద కాసేపు చేయి ఉంచింది. ఇంటికి వస్తూ దారిలో, "చేతులు మండిపోతున్నాయమ్మాయ్" అంది. ఆ మాట అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఉగాదికి తెరవలేదు. ఎన్నికలు వచ్చిపడ్డాయి. అవి అయ్యాక, కొత్త మంత్రిగారి తేదీ దొరకలేదు. దొరికేసరికి సత్రం కప్పు కురిసింది. నేను బడి నుంచి రాగానే మా అత్తయ్య అడిగేది: "ఎప్పుడు తెరుస్తారంట?" మొదట్లో ఆత్రంగా అడిగేది. రానురాను ఆ గొంతు మారింది. పంతులుగారు పొరపడ్డాడేమోనన్న అనుమానం ఆవిడలో ఎప్పుడు దూరిందో తెలియదు. మా అమ్మాయి దగ్గితే నుదురు పట్టుకుని చూసేది. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. గుంటూరు దారిలో నల్లపాడు రైలు గేటు దగ్గర ఇసకలో బండి జారి మా ఆయన మోచేయి చీరుకుని వస్తే, కట్టు చూసి అక్కడే కూలబడింది. "ఎవరూ తినకముందే ఇట్లా ఉంటే..." అంది.

"ఆయన జారింది ఇసక మీద అత్తయ్యా, పచ్చడి మీద కాదు!" అని అరిచాను.

ఒక రోజు "వెళ్ళి పారబోయించమ్మాయ్" అనేది. నేను చెప్పులేసుకునేలోగా "వద్దులే, ఉండనీ" అనేది. ఎవరైనా తినాలనీ ఉంది, ఎవరూ తినకూడదనీ ఉంది. ఆ రెండిటి మధ్య ఆవిడ ఆ వానాకాలమంతా నలిగింది. నాకు జాలి కంటే విసుగే ఎక్కువ వచ్చేది.

చివరికి కార్తీకంలో తెరిచారు. మా ఆయనా, పిల్లా రావద్దని ఆవిడ పట్టుబట్టింది. మంగళగిరి చీర కట్టుకుని నాతో బయల్దేరింది. బంతుల కోసం గచ్చునేల కడిగి ఉంటారనుకుంది. షామియానా కింద గుంటూరు నుంచి వచ్చిన క్యాటరింగ్ వాళ్ళు వెజిటబుల్ బిర్యానీ పెడుతున్నారు. జనం ప్లేట్లు చేత్తో పట్టుకుని నిలబడి తింటున్నారు. "అన్నం తర్వాత పెడతారేమో" అంది అత్తయ్య.

లోపలికి వెళ్ళాం. థర్మకోల్ ఇడ్లీలు, మైనపు అరిసెలు, రంగువేసిన మట్టి సున్నుండలు. హాలు మధ్యలో తలపాగా చుట్టిన ప్లాస్టర్ రైతు జొన్నకంకి పట్టుకుని పళ్ళు కనిపించేలా నవ్వుతున్నాడు. పత్తికి కొట్టే మందు తాగి పోయిన మనుషులు మా మండలంలో ఊరికి ఒకరున్నారు ఆ రోజుల్లో. ఆ నవ్వు ఎవరిని చూసి చేశారో నాకు అర్థం కాలేదు. దాటుకుని వంటశాలలోకి వెళ్ళాం. రంగు మసి కింద, లైటు వెలుగులో గాజుసీసాలు వరసగా పెట్టారు. ఎర్రగా ఉన్నాయి. కింద నా దస్తూరీతో బోర్డు: ఈ ఊరి తల్లుల చేతి పచ్చడి.

మా అత్తయ్య సీసా దగ్గరికి వంగి చూసింది. "ఇది నాది కాదమ్మాయ్" అంది. "తడి లేదు."

నేనూ వంగి చూశాను. దూది. ఎర్రరంగులో ముంచి ఆరబెట్టిన దూది, అక్కడక్కడా పసుపుపచ్చగా గింజల్లాంటి చుక్కలు.

డిజైనర్ పక్కనే ఉన్నాడు. అడిగితే దాచలేదు. "ఆషాఢంలోనే తీయించేశాం మేడమ్. స్మెల్ వస్తోంది, చీమలు పడుతున్నాయి. పెరట్లో గొయ్యి తీయించి పూడ్పించాం. జాడీలో అయితే కనపడదు కదా, అందుకని గాజుసీసాలు. కలర్ బాగా మ్యాచ్ అయింది కదా?"

నాకు ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు, నా గొంతు మాత్రం గుర్తుంది. కమిటీ పెద్దాయన్ని పట్టుకుని, "తినడానికి పెట్టినదాన్ని పూడ్చేసి, దూదికి రంగేసి, తిండి గొప్పతనం అంటారేమిటండీ? ఒక్కరికైనా ఒక్క ముద్ద పెట్టారా? ఆ ముసలావిడ ఎంత భయాన్ని దిగమింగుకుని పెట్టిందో మీకు తెలుసా?" అన్నాను. ఆయన చేతులు జోడించి, "మంత్రిగారున్నారమ్మా, మెల్లగా, మెల్లగా" అన్నాడు. ఎవరికి చెప్పినా గోడకు చెప్పినట్టే. వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్య లేదు.

బయట అరుగు మీద కూర్చుని ఉంది. ఓదార్చడానికి మాటలు వెతుక్కుంటూ పక్కన కూర్చున్నాను. ఆవిడే అడిగింది.

"పూడ్చే ముందు ఎవరూ నోట్లో పెట్టుకోలేదుగా?"

"లేదత్తయ్యా. ఒక్కరు కూడా."

"అమ్మయ్య" అంది. గుండెల మీద చేయి వేసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. నెలల తరబడి బిగుసుకుపోయి ఉన్న ముఖం వదులయింది. "పోనీలే. ఎవరికీ ఏమీ కాదు ఇక" అంది. ఆ తర్వాత కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎందుకో నేను అడగలేదు. నాకు మ్యూజియం మీద ఉన్న కోపం ఒక ఎత్తు, ఆ "అమ్మయ్య" మీద వచ్చిన కోపం ఒక ఎత్తు. ఆ దూది చూసి ఆవిడ శాపనార్థాలు పెట్టి ఉంటే నేను తట్టుకునేదాన్ని.

ఆ పుష్యమాసంలో నేనే పూనుకున్నాను. చేలో నుంచి గంపెడు కాయలు తెప్పించి, మా ఇంట్లో, మా రోలు దగ్గరే కూర్చున్నాను. "నేను ఈ ఇంట్లో పుట్టలేదు, ఇవన్నీ నమ్మను, తొక్కేదీ నేనే, తినేదీ నేనే" అని ఊరంతా వినేటట్టు చెప్పాను. అత్తయ్య అడ్డం చెప్పలేదు. "నీ ఇష్టం అమ్మాయ్" అని ఉప్పుగిన్నె తెచ్చి నా పక్కన పెట్టి, గుమ్మంలో నిలబడింది. కాయలు రోట్లో పోశాను. ఉప్పు వేశాను. రోకలి ఎత్తాను.

మా అమ్మాయి ఎండలో ఆడుకుని వచ్చి వెనకనుంచి నా మెడ చుట్టూ చేతులు వేసి వాలింది. వీపు మీద పిల్ల ఒళ్ళు వెచ్చగా తగిలింది. ఎండకు వేడెక్కిన ఒళ్ళు, అంతే. నాకు తెలుసు. రోకలి పక్కన పెట్టి, మణికట్టు వెనక్కి తిప్పి పిల్ల నుదుటికి ఆనించి చూశాను. మామూలుగానే ఉంది. ఇంకోసారి ఆనించి చూశాను. మళ్ళీ రోకలి అందుకోబోతే నా చేయి ముందుకు పోలేదు. పోనివ్వాలని చాలా ప్రయత్నించాను. బడిలో పిల్లలకు నేను చెప్పే పాఠాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. చేయి కదల్లేదు.

ఉప్పు అంటిన కాయల్ని రోట్లో నుంచి దోసిళ్ళతో తీసి గంపలో వేశాను. అత్తయ్య గుమ్మం దిగి వచ్చి నా పక్కన చతికిలబడింది. తనూ రెండు చేతులూ రోట్లో పెట్టి, అడుగున మిగిలిన కాయలు తీయడం మొదలుపెట్టింది. రోలు ఖాళీ అయ్యాక ఆవిడ లేచి, చేతులకు రాసుకోమని నూనెగిన్నె తెచ్చి ఇచ్చింది.